మూడో కార్డు

ఆఫీసులో ఆయన్ని అందరూ మూడు కార్డుల మాస్టారు అనేవారు. మాస్టారన్నది పేరుకే, బడిలో ఎవరికీ నాలుగక్షరాలు నేర్పిన పాపాన పోలేదు. ఇంగ్లీషు మాటలకు తెలుగులో అర్థాలు చెప్పే పెద్ద నిఘంటువు తయారవుతున్న చోట కార్డులు రాసే ఉద్యోగి. అక్కడి పద్ధతి ఒకటుంది. ఒక మాటకు ఫలానా అర్థం ఉందని రాయాలంటే, అచ్చయిన పుస్తకాల్లోంచి ఆ అర్థంలో వాడిన మూడు వాక్యాలు చూపించాలి. వాక్యానికొక కార్డు, కింద పుస్తకం పేరు, పేజీ నంబరు, రాసినవాళ్ళ పొట్టి సంతకం. రెండే దొరికితే ఆ అర్థం లేనట్టే. ఈ విషయంలో బ్రహ్మదేవుడు దిగివచ్చి చెప్పినా మాస్టారు వినేవారు కాదు. సొంతంగా వాక్యం అల్లి కార్డు రాసిన ఒకావిణ్ణి ఆయనే పట్టించి ఇంటికి పంపించారు కూడా.

ఆయన వాటాకు వచ్చిన మాట 'షీ'. "ఇందులో ఏముందండీ, ఆమె అని రాసేస్తే సరిపోదూ?" అని కొత్తగా చేరినవాళ్ళు నవ్వేవారు. మాస్టారు మాత్రం పదకొండేళ్ళు దాని మీదే కూర్చున్నారు. వాళ్ళు ఓడనూ షీ అంటారు, దేశాన్నీ షీ అంటారు. మనకేమో ఆ ఒక్క మాటకు ఆమె, ఆవిడ, తను, అది అని మనిషిని బట్టి, చనువును బట్టి వెతుక్కోవాలి. ఇక పుట్టుక సంగతి మరీ చిక్కు. పాత ఇంగ్లీషులో ఆడవాళ్ళకు వాడే మాటా, మగవాళ్ళకు వాడే మాటా కొన్నిచోట్ల నాలుకల మీద అరిగి అరిగి ఇంచుమించు ఒకటే అయిపోయాయి. ఆ తరవాత ఈ షీ వచ్చి నిలబడింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో పండితులు ఇప్పటికీ తలో మాటా చెబుతారు. "తల్లెవరో తెలియని పిల్లయ్యా ఇది. అయినా ఇల్లంతా తనే నడుపుతోంది చూడు" అని మాస్టారు మురిసిపోయేవారు.

ఆ మురిపెం మూడేళ్ళ కిందట ఆగిపోయింది. ఒక్కగానొక్క కూతురు, పంతొమ్మిదేళ్ళది, పొద్దున్నే కాలేజీకని బస్సెక్కింది. వంతెన దిగేచోట బస్సు బోల్తా పడింది. అంతే.

ఆ తరవాత ఆ మూడు గదుల ఇంట్లో ఆ పిల్ల పేరు ఎవరూ పలకలేదు. పలకాల్సిన అవసరమూ రాలేదు. "దాని దుప్పటి ఎండలో వేశాను" అనేది భార్య. "దానికి ఈ రంగు నచ్చదండీ" అనేది కర్టెను గుడ్డ చూపించి. ఎవరికి అని అడిగే మనిషి ఆ ఇంట్లో లేడు. సాయంత్రం ఆరింటికి వీధి చివర బస్సు ఆగిన చప్పుడైతే గుమ్మంలోకి వెళ్ళి చూసొచ్చి, "అది ఇంకా రాలేదు. గొళ్ళెం పెట్టకండి" అనేది. ఆవిడకేం మతి పోలేదు. ఆస్పత్రిలో ముఖం చూసి గుర్తుపట్టింది ఆవిడే. అన్నీ తెలిసే అనేది. ఆయనా గొళ్ళెం పెట్టేవారు కాదు.

అలా పేరు ఎత్తకుండా, ఇంటిల్లిపాదికీ తెలిసిన మనిషిని షీ అనడం. మాస్టారి జాబితాలో చిట్టచివరి అర్థం ఇదే. కార్డులు రెండున్నాయి. మూడోదాని కోసం ఏడాదిన్నర పుస్తకాలు తిరగేశారు, దొరకలేదు. సంపుటం అచ్చుకు వెళ్ళే రోజు దగ్గరపడింది. "సోమవారానికి రాకపోతే ఆ అర్థం తీసేయండి మాస్టారూ" అంది సంపాదకురాలు. న్యాయమైన మాటే. కానీ రోజూ సాయంత్రం తన చెవులతో వింటున్న అర్థాన్ని లేదని ఎలా కొట్టేస్తారు?

సోమవారం పొద్దున ఆయన ఒక కొత్త కార్డు తీసి, భార్య మాటనే ఇంగ్లీషులో రాశారు. కింద లోకంలో లేని నవల పేరొకటి పెట్టి, పేజీ రెండు వందల పన్నెండు అని వేసి, సంతకం చేశారు. కంచే చేను మేసింది.

అచ్చుకు ముందు కార్డుల్ని పుస్తకాలతో సరిచూసేవాళ్ళు గ్రంథాలయమంతా గాలించినా ఆ నవల దొరకలేదు. సంపాదకురాలు ఆయన్ని గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేసింది.

"పుస్తకం పేరు తప్పు పడిందా మాస్టారూ? పొరపాటని చెప్పండి, మళ్ళీ వెతికిద్దాం."

"పొరపాటు కాదమ్మా. అసలా పుస్తకమే లేదు."

"మరి వాక్యం?"

"నేనే రాశాను."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఒక్క కార్డు దొంగదైతే ఆ చేత్తో రాసినవన్నీ తీసేయాలన్న నియమం ఎవరు పెట్టించారో గుర్తుందా?"

"నేనే."

"పదకొండేళ్ళ పనండీ! ఎందుకు చేశారు ఇలాగ?"

కూతురి సంగతి చెప్పి ఉంటే ఆవిడ మనసు కరిగేదేమో. పోయిన పిల్లను అడ్డం పెట్టుకుని బయటపడటం ఆయనకు ఇష్టం లేకపోయింది.

మధ్యాహ్నానికల్లా ఆయన కార్డులున్న పదహారు సొరుగులూ ఖాళీ చేశారు. వేరేవాళ్ళయితే కలిపేస్తారని మాస్టారే దగ్గరుండి, వరస తప్పకుండా కట్టలు కట్టారు. నానబెట్టి గుజ్జు చేసే కార్డులకు వరస ఎందుకని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. షీ అన్న మాటను మొదటి నుంచీ రాయమని ఇంకొకరికి అప్పగించారు.

ఇంటికి చేరేసరికి మూడు కూడా కాలేదు. భార్య ఆరిన బట్టలు మడత పెడుతోంది. "ఏమండీ, ఒంట్లో బాగాలేదా?" అంది. ఆయన గడప దగ్గరే నిలబడి జరిగిందంతా చెప్పారు.

"ఏం వాక్యమండీ అది?"

"అది ఇంకా రాలేదు, గొళ్ళెం పెట్టకండి."

ఆవిడ చేతులు ఆగాయి. "నా మాటే కదండీ! దొంగదెలా అయింది? నేను అనలేదా?"

"అన్నావు. అచ్చులో లేదు."

"మీరు రాసింది అచ్చయితే ఎవరు చదివేవాళ్ళు?"

"అందరూను. బడిపిల్లలు కూడా."

"అయితే మన పిల్ల అందులో ఉండేదన్నమాట" అంది. "ఇప్పుడు అక్కడ కూడా లేదు."

కూతురు పోయిన రోజున వచ్చిన వాళ్ళందరికీ తనే ధైర్యం చెప్పి పంపిన మనిషి, చెప్పులైనా విప్పకుండా గడప మీద కూలబడి, భార్య ముందు వెక్కి వెక్కి ఏడ్చారు.