జింకల పార్కులో మూడో పిలుపు

ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో పెళ్ళిచూపులు రెండు రకాలుగా ఉండేవి, అసలువీ ఉత్తుత్తివీ. అసలు చూపులకైతే పిలగాడి వాళ్ళు ఇంటికొస్తారు, వీధి వీధంతా గడపల్లో నిలబడి చూస్తుంది. చూసిపోయినవాళ్ళు వద్దన్నారంటే ఆ ముచ్చట మా నల్గొండ దిక్కు ఊళ్ళల్లో ఏడాది పాటు నలుగుతుంది. అందుకని ముందు ఉత్తుత్తి చూపులు. పిల్లా పిలగాడూ ఏ గుళ్ళోనో దుకాణంలోనో "అనుకోకుండా" ఎదురుపడతారు, పెద్దవాళ్ళు "అరే, మీరెట్ల ఒచ్చిన్రు?" అని ఆశ్చర్యపోతారు, ఎవరికీ ఏమీ తెలియనట్టే అన్నీ జరిగిపోతాయి. ఈ విద్యలో మా మేనత్త ఆరితేరిన మనిషి. నేను ఉండేది దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమె ఇంట్లోనే కాబట్టి సరుకు కోసం వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. అప్పటికే నన్ను సరూర్‌నగర్ చెరువు కట్ట మీద ఒక కుటుంబానికీ, చీరల దుకాణంలో ఇంకో కుటుంబానికీ అనుకోకుండా చూపించింది. చెరువు కట్ట వాళ్ళకు నా ఎత్తు నచ్చలేదు. చీరల దుకాణం వాళ్ళకు నా నోరు నచ్చలేదు. (నేను మాట్లాడిందల్లా దుకాణాయనతోనే, అదీ చీర గురించే. అయినా వాళ్ళదాకా వినిపించిందట.)

రెండోది కూడా తప్పిపోయాక మా నాయన ఊరి నుంచి ఫోన్ చేశాడు. ఆయన కోపంగా మాట్లాడితే నాకు భయం లేదు, నెమ్మదిగా మాట్లాడితేనే భయం. ఆ రోజు చాలా నెమ్మదిగా అన్నాడు, "గీ సంబంధం సుత కుదరకపోతే నౌకరి బంజేసి ఇంటికొచ్చెయ్ బిడ్డా. ఈడనే జూసుకుందం" అని. నౌకరి అంటే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో కూర్చోవడం. పెద్ద ఉద్యోగమేమీ కాదు. కానీ పొద్దున్నే చున్నీ సర్దుకుని ఆ గాజు తలుపు తోసుకుంటూ లోపలికి పోతుంటే నా అంతటి మనిషి ఇంకొకరు లేరనిపించేది. ఫోన్ ఎత్తడం నా పని. రెండో రింగు మోగేలోపు ఎత్తకపోతే మా సారు తన గదిలోంచే కేకేసేవాడు, "మేడం, వాడు పోయి పక్క సెంటర్ల చేరిపోయిండు!" అని. ఆ కుర్చీ పోతుందంటే నాకు నిజంగానే ఏడుపొచ్చింది. కాబట్టి మూడో పిలగాడికి నేను నచ్చి తీరాలి, నోరు కుట్టుకుని అయినా సరే అని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ మూడో పిలగాడు కొత్తపేట పండ్ల మార్కెట్లో (ఇప్పుడది బాటసింగారం తరలిపోయింది, అప్పుడు మాకు నడిచిపోయేంత దూరమే) ఒక కమీషన్ దుకాణం తరఫున బత్తాయిల వేలం పాడేవాడు. మాకు తెలిసింది అంతే. ఈసారి మేనత్త ఎంచుకున్న చోటు జింకల పార్కు. "గుడిల మనోల్లు తగుల్తరు. దుకాణంల నీ నోరు తగుల్తది. జింకల పార్కుల అయితే పురుగు సుత ఉండదు" అంది. ఎల్బీ నగర్ చౌరస్తాలో అప్పుడే మెట్రో స్తంభాలు లేస్తున్నాయి. వాటి మధ్యన, సూర్యాపేట బస్సుల మధ్యన ఆటో పట్టుకుని, విజయవాడ రోడ్డు మీద ఆ పార్కు గేటు ముందు దిగాం. శ్రావణ మాసం, ముసురు పట్టిన మధ్యాహ్నం. అప్పటికే పిలగాడూ వాళ్ళమ్మా గేటు దగ్గర నిలబడి ఉన్నారు. "అరే వదినా, మీరెట్ల ఒచ్చిన్రు?" అని మేనత్త ఎంతో చక్కగా ఆశ్చర్యపోయింది. "జింకలను జూద్దామని" అంది ఆమె, అంతే చక్కగా.

గేటు దగ్గరి వాచ్‌మన్ "బాట ఇడిశి పోవద్దు, ఐదింటికి గేటేస్తం" అని చెప్పాడు. లోపలికి కాస్త దూరం పోయామో లేదో, రోడ్డు మీద లారీల మోత మొత్తం ఆగిపోయింది. తగ్గలేదు, ఆగిపోయింది. అంత పెద్ద పట్నం గోడకు అవతలే ఉందంటే నమ్మబుద్ధి కాలేదు. తుమ్మచెట్ల మీంచి నీళ్ళు కారుతున్న చప్పుడు ఒక్కటే. పెద్దవాళ్ళిద్దరూ బాట పక్కన బెంచీ మీద కొంగులు పరుచుకుని కూర్చున్నారు. మా ఫోన్లు అప్పటికే వాళ్ళ సంచుల్లోకి పోయాయి. ఆయన ఫోన్‌కు మార్కెట్ వాళ్ళు ఊపిరాడనివ్వరని వాళ్ళమ్మ తీసుకుంది, చూపుల్లో పిల్ల చేతిలో ఫోనుంటే మర్యాద కాదని మేనత్త నాది తీసుకుంది. "గా మలుపు దాక పోయి మాట్లాడుకొని రాండ్రి" అని పంపించారు.

మాట్లాడుకోవడానికేముంది, నేను ఒట్టు పెట్టుకున్న మనిషిని. ఆయనేమో నోరే తెరవడు. పొడుగ్గా, తెల్ల చొక్కాలో, పక్కన నడుస్తున్నాడంతే, తడి మట్టి మీద అడుగుల చప్పుడు కూడా లేకుండా. దగ్గరికొస్తే బత్తాయి తొక్క వాసన. మలుపు దగ్గర బాటకు అడ్డంగా ఒక కృష్ణజింక నిలబడి ఉంది. నల్లటి వీపు, మెలి తిరిగిన కొమ్ములు. అది మమ్మల్ని చూడటం లేదు, మా వెనక ఎవరో ఉన్నట్టు చూస్తోంది. నేను వెనక్కి తిరిగాను, ఎవరూ లేరు. మళ్ళీ ఇటు తిరిగేసరికి జింక పొదల్లోకి దిగింది. మేమూ దిగాం. (ఎందుకు దిగామని అడగొద్దు. మాట్లాడే పని తప్పుతుందని ఇద్దరం సంతోషంగా దిగి ఉంటాం.) కొంత దూరం పోయాక చిన్న మైదానం లాంటి చోటు వచ్చింది. అక్కడ జింకల మంద. ఒక్కటీ మేయడం లేదు. అన్నీ ఒకే వైపు చెవులు నిక్కబొడుచుకుని చూస్తున్నాయి. ఎక్కడో నెమలి అరిచింది, తప్పిపోయిన పసిపిల్ల ఏడ్చినట్టు. చటుక్కున మంద మొత్తం చెదిరిపోయింది, గడ్డి కూడా కదిలినట్టు లేదు. వెనక్కి పోదామని తిరిగితే బాట లేదు. ఎటు చూసినా ఒకే తుమ్మ, ఒకే పరికి కంప. మనిషి ముసుగేసుకుని కూర్చున్నట్టు ఒక పుట్ట. ఇటు పోయి చూశాం, పుట్ట. అటు పోయి చూశాం, మళ్ళీ అదే పుట్ట.

అప్పుడు వినిపించింది. "బుజ్జీ..."

మేనత్త గొంతే. కానీ మేము గేటు ఉందనుకుంటున్న వైపు నుంచి కాదు, జింకలు చూసిన వైపు నుంచి. ఇక్కడ మా నాయనమ్మ గురించి ఒక మాట చెప్పాలి. మనిషి లేనిచోట ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మూడోసారి పిలిచేదాకా పలకొద్దని ఆమె మాకు ఉగ్గుతో పాటు పట్టింది. దయ్యం మనవాళ్ళ గొంతుతోనే పిలుస్తుందట, కానీ దానికి రెండు పిలుపులకే దమ్ము, మూడోది పిలవలేదట. పలికితే మాత్రం ఆ పలుకుతో పాటే మనిషిని పట్టుకుపోతుందట. డిగ్రీ చదివినా, రోజంతా రెండో రింగులోపే ఫోన్ ఎత్తినా, ఆ అడవిలో నేను పలకలేదు, ఒకటి అని లెక్కపెట్టుకున్నాను. ఇంతలో ఇంకో ముసలి గొంతు, "చిన్నోడా..." అని. దయ్యాలు జంటగా తిరుగుతున్నాయన్నమాట.

ఆయన ఆగిపోయాడు. ఆ రోజు మొదటిసారి నోరు తెరిచి, బొంగురు గొంతుతో, "మీకేమన్న ఇనొచ్చిందా?" అన్నాడు.

"లేదు" అన్నాను.

"నాకు సుత లేదు" అన్నాడు.

ఆ బొంగురు గొంతు విన్నాక నాకు కొత్త అనుమానం పుట్టింది. ఇతను నిజంగా గేటు దగ్గర కలిసిన మనిషేనా? జింక వెనక పొదల్లోకి దిగినప్పుడు ఒక్క క్షణం నాకు కనిపించకుండా పోయాడు కదా. దయ్యానికి పాదాలు వెనక్కి ఉంటాయి. మెల్లగా తల దించి ఆయన కాళ్ళ వైపు చూశాను. బూట్లు, బురద, ముందుకే ఉన్నాయి. హమ్మయ్య అని తలెత్తితే, ఆయన తల దించుకుని నా చీర అంచు కిందికి తొంగి చూస్తున్నాడు.

"ఏం జూస్తున్నరు?" అన్నాను.

"ఏం లేదు... మీ చెప్పులు తెగినయా అని."

నేను కుచ్చిళ్ళు బెత్తెడు పైకెత్తి, పది వేళ్ళూ కనిపించేలా నిలబడ్డాను. ఆయన చాలా శ్రద్ధగా చూశాడు. తరువాత ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆ నిశ్శబ్దంలో మా నవ్వు మాకే ఎవరిదోలా వినిపించి, వెంటనే ఆపేశాం. పొద్దుటి వేలంలో గొంతు పోయిందనీ, మంచి గొంతుతో ఉన్నప్పుడు చూపులు పెట్టమంటే అమ్మ వినలేదనీ అప్పుడు చెప్పాడు. భయంలో ఒట్టు సంగతి మరిచిపోయి నేనూ చెప్పేశాను, ఈ సంబంధం తప్పితే నా నౌకరి పోతుందని. "కుదిరితే మటుకు ఉంటదా?" అన్నాడు. "మీరు బంజెయ్యమంటే ఉండదు." "నేనెందుకంట? ఆడ కూసునుడు నీకిష్టమా?" అన్నాడు. "మీరు" కాస్తా "నువ్వు" అయిపోయిన సంగతి ఇద్దరం గమనించలేదు. ఇష్టమే అన్నాను. మా ఇంట్లో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు అప్పటిదాకా లేరు.

అంతలో మళ్ళీ వచ్చింది, ఇంకా దూరం నుంచి, వణుకుతూ. "బుజ్జీ..." ఆ వెంటే, "చిన్నోడా..."

రెండు. ఇద్దరం మూడోదాని కోసం నిలబడ్డాం. రాలేదు. మబ్బు దిగి వెలుతురు బూడిద రంగుకు తిరుగుతోంది. పుట్ట మా వైపు కాస్త జరిగినట్టు అనిపించింది. ఇంకా కాసేపు చూశాం. ఆకుల మీద నీటిచుక్కలు తప్ప ఏ చప్పుడూ లేదు, మూడో పిలుపు రాలేదు. అంటే పిలిచింది మనుషులు కాదు. నౌకరీ వద్దు, పెళ్ళీ వద్దు, మేనత్త చేతి చారన్నం తింటే చాలనిపించింది.

ఆయన మాత్రం ఏదో ఆలోచించి, "బుజ్జి అంటే నువ్వేనా?" అన్నాడు. తలూపాను. "అయితే మూడోది నేను పిలుస్త. నువ్వు పలుకు. అప్పుడు లెక్క తప్పదు గదా" అన్నాడు. నా ఎదురుగా, చేతికందేంత దూరంలో నిలబడి, బత్తాయి లారీల మధ్య నుంచి పాట పాడే ఆ గొంతును ఎక్కడెక్కడి నుంచో కూడదీసుకుని, "బుజ్జీ!" అని అరిచాడు. చెట్ల మీది పిట్టలన్నీ లేచిపోయాయి. "ఓ...య్!" అని నేనూ ఉన్న బలమంతా పెట్టి పలికాను. ఆ తరువాత ఆయన కోసం నేను పిలవాలి. ఇంకా నిశ్చయమైనా కాని పెళ్ళికొడుకును, ఆరడుగుల మనిషిని, "చిన్నోడా!" అని పిలిచాను. ఆయన ఎంతో వినయంగా "ఆఁ, ఈడున్న!" అన్నాడు.

చిత్రంగా, మా పక్క పొదల్లోంచే వాచ్‌మన్ విజిల్ వినిపించింది. బాట మాకు నాలుగడుగుల్లోనే ఉంది. "ఏమమ్మా, గంట సేపటి సంది ఎతుకుతున్న, పిలిస్తే పలకరా?" అని తిట్టుకుంటూ మమ్మల్ని బెంచీ దగ్గరికి నడిపించాడు. పెద్దవాళ్ళిద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని కూర్చుని ఉన్నారు. మేనత్త లేచి నా వీపు మీద ఒక్కటిచ్చి, వెంటనే కొంగుతో నా తల తుడిచింది. సంగతంతా విన్నాక పిలగాడి తల్లి ఆలోచించి, "రెండు పిలుపులకు పలకలే. పద్ధతి గల్ల పిల్ల" అంది. సంబంధం అక్కడే కుదిరిపోయింది. నా ఎత్తు గురించి గానీ నోటి గురించి గానీ (అప్పటికి ఆ ఓయ్ విన్నారు కదా) ఎవరూ ఎత్తలేదు. నౌకరి ఉండాలని వాళ్ళబ్బాయే అక్కడ నిలబడి చెప్పాడు, నేను అడగకుండానే.

తిరిగి బస్సులో వస్తుంటే మేనత్త నా మణికట్టు పట్టుకుని కూర్చుంది. నేను గెలిచిన ఊపులో ఉన్నాను, ఆమెను ఆటపట్టించాలనిపించింది. "ఇంకొక్కసారి పిలిస్తే అప్పుడే పలుకుతుంటిమి గదా అత్తమ్మా. రెండుసార్లకే ఎందుకాపిన్రు?" అన్నాను. ఆమె ఎల్బీ నగర్ దాటాక అంది, "మూడోసారి పిలిచినంక సుత నువ్వు పలకకపోతే, ఇగ నేనేం జేద్దునే?"

వాళ్ళిద్దరూ బెంచీ మీద ఒకరినొకరు "నువ్వు పిలువు వదినా" "నువ్వే పిలువు" అని బతిమాలుకుంటూ, ఎవరికీ ధైర్యం చాలక, చీకటి పడుతున్నా అట్లాగే కూర్చుని ఉన్నారట. అది విని నాకు నవ్వాగలేదు. బస్సంతా తిరిగి చూసేలా పగలబడి నవ్వాను. మేనత్త నవ్వలేదు. దిల్‌సుఖ్‌నగర్ స్టాపు వచ్చేదాకా నా చెయ్యి వదలనూ లేదు. ఇప్పుడు నా కూతురు నాలుగో తరగతి. ఆ రోజు బస్సులో అంతలా నవ్విన పిల్లను తలుచుకుంటే నాకు ముద్దొస్తుంది. దానికేం తెలుసు పాపం, అప్పటికింకా ఎవరి కోసమూ బెంచీ మీద కూర్చుని ఎరగదు.