ముక్కు విరిగిన చిలక

అయిదేళ్లుగా ఒక చిలక బొమ్మ నా గుండెల మీద బరువుగా కూర్చుంది. ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. మీకు నేనెవరో తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. అయితే నేను చేసింది దొంగతనమో, పిరికితనమో, మరింకేదో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియడం లేదు.

బర్ దుబాయ్‌లో ఒక బట్టల షాపులో సేల్స్‌మన్‌ని నేను. మా అమ్మ వైపువాళ్లు పెడనలో కలంకారీ అద్దకం పనివాళ్లు. మామయ్య దగ్గర ముత్తాతల నాటి టేకు అచ్చు ఒకటి ఉంది. కోసుగా నిలబడ్డ చెట్టు, కింద రెండు చిలకలు. ఎడమ చిలక ముక్కు కొన విరిగి ఉంటుంది. ఒకప్పుడు ఆ గుడ్డలు బందరు రేవు నుంచి పారశీక దేశానికి ఓడల్లో వెళ్లేవట. తర్వాత ఇంగ్లండు మిల్లులవాళ్లు మన నమూనాలు పట్టుకెళ్లి, అవే పువ్వులు, అవే చిలకలు ఆవిరి యంత్రాల మీద అచ్చేసి, మళ్లీ మన రేవుకే తెచ్చి అమ్మారట. అద్దకంవాళ్లు కూలిపనులకు పోయారు. కరక్కాయ నీళ్లలో గుడ్డ ముంచుతూ మామయ్య ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పాడో. విన్నప్పుడల్లా ఆ మిల్లు దొరల మీద నాకు ఒళ్లు మండేది.

కరోనా వచ్చిన ఏడాది షాపులో ముగ్గురిని తీసేశారు. నా వీసా గడువు దగ్గరపడింది. అమ్మిపెట్టమని మామయ్య అంతకుముందు పంపిన దుప్పటి కౌంటర్ మీద పరిచి ఉంటే మా ముదీర్, అంటే మేనేజరు, చాలాసేపు చూశాడు. దీన్ని మిషన్ మీద అచ్చు వేయిస్తే ఎలా ఉంటుందని హిందీలో అడిగాడు. నేను వద్దనలేదు. వద్దనకపోవడం ఒక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదేమో. ట్యూబ్‌లైట్ల కింద దుప్పటి పరిచి, ముడతలు పోయేలా అరచేత్తో సర్ది, స్టూలెక్కి ఫోటోలు తీసింది నేనే. ఏ రంగు ఎక్కడో రాసిచ్చిందీ నేనే. ఉద్యోగం పోతుందన్న భయంతో చేశానా? అవును. ముదీర్ భుజం తట్టినప్పుడు సంతోషించానా? అదీ అవునే. ఈ రెండోది ఒప్పుకోకపోతే ఇదంతా రాసి దండగ.

కొన్ని నెలలకు మిషన్ మీద అచ్చేసిన గుడ్డ థాన్లకు థాన్లు షాపులో దిగాయి. గజం గజానికీ ఎడమ చిలక ముక్కు విరిగే ఉంది. అది అచ్చులో లోపమని నాకొక్కడికే తెలుసు.

మరుసటి ఏడు మామయ్య ఫోన్ చేశాడు. బందరు బజార్లో ఆ గుడ్డ చూశాడట.

"మన చిలకేరా. ముక్కు కూడా మనదే. దుబాయ్ సరుకంట. నువ్వు ఆడే ఉన్నావు గదా, ఈ పని చేసినోడెవడో కాస్త కనుక్కోరా."

"కనుక్కుంటాను మామయ్యా."

"కొట్టాడ్డానిక్కాదులే. మన గుడ్డ ఆడి చేతికెట్టా పోయిందో తెలుసుకుందామని."

తర్వాత మామయ్య ఆ విరిగినచోట చిన్న చెక్క అతికించి ముక్కు చెక్కించాడు. ఇక మన గుడ్డేదో, మిషన్ గుడ్డేదో జనానికి తెలుస్తుందని ఆయన ఆశ. అలా అద్దిన కొత్త దుప్పట్లు మూడు అమ్మిపెట్టమని నాకే పంపాడు.

ఒక మధ్యాహ్నం షాపుకొచ్చిన హైదరాబాద్ ఆవిడ రెండు రకాలూ పక్కపక్కన పెట్టుకుని, ఏది అసలుదని అడిగింది. ముక్కు విరిగినదే పాత పెడన రకమని ఎవరో చెప్పారట. ముదీర్ పక్కనే ఉన్నాడు. అవునమ్మా, విరిగినదే అసలుది అన్నాను. మామయ్య దుప్పటి నా చేతులతోనే మడిచి లోపల పెట్టేశాను. అది అబద్ధమా? పాత అచ్చులో ముక్కు విరిగే ఉంది కదా. అసలా చెట్టు బొమ్మ పారశీకులు అడిగి వేయించుకున్నదట, అది మాత్రం మనదేనా? ఇలా నాలో నేను ఎన్నాళ్లు వాదించుకున్నా తేలలేదు. గెలిచానని అనిపించిన రోజున కూడా అన్నం సహించలేదు.

మామయ్య అద్దకం మానేసి రెండేళ్లయింది. రొయ్యల చెరువు దగ్గర కాపలా పనికి పోతున్నాడు. మొదట్లో ఫోన్ చేసినప్పుడల్లా, కనుక్కున్నావా అని అడిగేవాడు. ఇప్పుడు అడగడు. మరిచిపోయాడో, తెలిసిపోయిందో నాకు అర్థం కాదు. ఎలా ఉన్నావు, తిన్నావా అంటాడు. ఆ మాటకే భయమేస్తుంది.

ఇది ఆయన చదవడు. చదివే ధైర్యం ఆయనకు లేక కాదు, ఇచ్చే ధైర్యం నాకు లేక. కనుక్కుంటానని మాటిచ్చాను. మీకైనా చెబుతున్నాను. ఆ పని చేసినవాణ్ణి నేనే. ఇంత రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అలా ఆడుతున్నందుకు సిగ్గుగా ఉంది.