గుర్రం కాలి కింద నిమ్మకాయ

రేపు పొద్దున్న మా ఆన్‌లైన్ ఆటలో కొత్త రాజ్యం తెరుస్తున్నారు. ఏడాదిగా ఎదురుచూస్తున్నాను. సాయంత్రం కంప్యూటర్‌లో నా గుర్రాన్ని సిద్ధం చేసుకుంటుంటే నాన్న వచ్చి పక్కన నిలబడ్డారు. ముప్పై ఏళ్లు సాలూరు లారీలు తోలి, చూపు మందగించి మానేసిన మనిషి.

"కొత్త లైనా అమ్మా? దారి ఎవులికైనా తెలుసా?"

"ఎవులికీ తెలీదు నాన్నా."

వెంటనే వంటింట్లోంచి నిమ్మకాయ తెచ్చారు.

"టైరు కింద ఇది పెట్టకుండా కొత్త లైనుకి బండి తియ్యకూడదు. దీనికి టైర్లేవి?"

"గుర్రం నాన్నా!"

"అయితే కాలి కింద పెడతాను" అని, తెరకు ఆనించి సరిగ్గా డెక్క దగ్గర పెట్టారు. "రేపు నీకు కిలీనరుగా కూకుంతాను. ఎదర ఏటొస్తందో సెప్తాను."

అంతటి డ్రైవరు క్లీనరుగా వస్తానంటే మీరైతే కాదనగలరా? నేనైతే ఆయన కుర్చీని తెరకు బాగా దగ్గరగా జరిపాను.