ఇంజన్‌లో మా అత్త

అది జరిగింది మంగళవారం పొద్దున ఎనిమిది గంటలకు. అప్పుడు నాకు ఏడేండ్లు. నిన్న మా మనవడు వాకిట్లో కారు ఇంజన్ విప్పి, ఏది ఎక్కడిదో మరవకుండా ఫోన్‌లో ఫోటోలు తీసుకుంటుంటే, సామాన్లు కడిగే కిరసనాయిలు వాసనకు అది గుర్తొచ్చింది.

మా బాపుకు ఫోనూ లేదు, చదువూ లేదు. బావి మీది ఆయిల్ ఇంజన్ విప్పి, ఒక్కో సామానుకు ఒక్కో చుట్టం పేరు పెట్టి గోనెసంచి మీద పేర్చాడు. బిగుసుకుపోయి రానిది మామ. చిన్న స్ప్రింగు మా అత్త, అంటే బాపు చెల్లె. నన్ను చంకనెత్తుకుని పెంచిన ఆ అత్త పెండ్లయి మోత్కూరు పోయి అప్పటికి వారమే. నేను ఆ స్ప్రింగును లంగా మడతలో దాచాను.

బిగించేటప్పుడు బాపు వెతికాడు. "చెల్లె దొరుకతలేదు."

"ఇచ్చినంక యాడ దొరుకుతదిరా," అంది బాపు తల్లి, మా అవ్వ.

అవతల వరి ఎండుతోంది. బాపు నా ముఖం చూసి చెయ్యి చాపాడు.

"అత్తను లోపలేసి మూయకు బాపు," అన్నాను.

"ఆమె లేకుంటె నీళ్లు రావు బిడ్డా."

ఇచ్చేశాను. ఇంజన్ నడిచింది, నీళ్లొచ్చాయి. తర్వాత చాలా రోజులు దాని పక్కన కూర్చుని అత్తతో మాట్లాడాను. చూసిన బాపు ఒక్కసారీ నవ్వలేదు. ఆయనకున్నదీ ఆమె ఒక్కతే చెల్లె.

ఆ రోజు బావికాడ ఉన్నది బాపు, అవ్వ, నేను, అత్త.