లాల్‌దర్వాజా బస్సులో తల్లి

చదువుకున్నవాడినని ఇప్పటికీ కొందరు నన్ను సలహా అడుగుతున్నారు గనక ఇది రాసిపెడుతున్నాను.

పందొమ్మిదివందల యాభైలలో ఒకనాడు లాల్‌దర్వాజా బస్సులో ఒక ముసలామె, ఎదిగిన కొడుకు మణికట్టుకు తన కొంగు ముడేసుకుని నా పక్కన కూర్చుంది. అతను ఎదురుగా లేని మనిషితో మాట్లాడుతున్నాడు. నా ఒళ్లో మనోవ్యాధుల మీద లావుపాటి పుస్తకం ఉంది.

"నీ పుస్తకంల గిసొంటి బీమారి ఎందుకొస్తదో రాసిన్రా బిడ్డా?"

"స్కిజోఫ్రీనియా అంటరమ్మా," అన్నాను గర్వంగా. "చిన్నప్పుడు తల్లి ప్రేమ దొరక్కపోతే వస్తదట."

ఆమె కొంగుతోనే కొడుకు మూతి తుడిచింది. "ఇప్పుడు ప్రేమగ చూస్కుంటే తగ్గుతదా?"

అది పుస్తకంలో లేదు. వాళ్లు దిగేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఆ జబ్బు మూలం మెదడులో ఉంటుందని, తల్లిని నిందించకూడదని చాలా ఏళ్లకు కొత్త పుస్తకాల్లో చదివాను. ఆ పుస్తకాలిచ్చిన నర్సింహులుగారికి, వాటి ఇంగ్లీషు విప్పి చెప్పిన రంగయ్య మాస్టారికి కృతజ్ఞతలు. ఆమె పేరు నేను అడగలేదు.