కర్ర్ అనని మలుపు

పోయిన వారం మా అన్న కొడుకు కొత్త కారులో నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోతుంటే, ఒక మలుపు దగ్గర నా చేయి నాతో చెప్పకుండానే తలుపు పిడి పట్టుకుంది. "ఏంది చిన్నాయనా, దడుసుకుంటాండావా?" అన్నాడు వాడు. లేదన్నాను. అబద్ధం. ఆ కారు ఒరగదు, చప్పుడు చేయదు. చప్పుడు లేని మలుపంటే నాకెందుకు వణుకో వాడికి తెలియదు.

మా మేనమామకు ఒక పాత డీజిల్ కారు ఉండేది. మలుపులో అది పెళ్లి విందు తిన్న పెద్దమనిషిలా ఒక పక్కకు ఒరిగేది. ఒరిగినప్పుడల్లా వెనక టైరు మడ్‌గార్డుకు రాసుకుని 'కర్ర్' మనేది. స్పీడు చూపే ముల్లు ఎప్పుడో చచ్చింది. ఏడో తరగతి మలుపులో బడి నుంచి జారిపడి మెకానిక్ షెడ్డులో తేలినవాణ్ణి నేను. ఆ 'కర్ర్' నాకు తలవంపుగా ఉండేది. బండి ఒరగకుండా రెండు చక్రాల మధ్య అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, బ్యాలెన్స్ రాడ్డు అంటాం. వెనక ఉన్న సన్నదాన్ని తీసేసి, పాత వ్యాను నుంచి ఊడదీసిన లావుదాన్ని కొలతకు సరిచేసి బిగించాను. షెడ్డు ముందు రెండు రౌండ్లు కొడితే బండి పలకలా నిలబడింది. అప్పటికి మీసం సరిగా లేదు గానీ, ఉన్నంత మేరకు మెలేశాను.

మర్నాడు మామ, అత్త, నేను ఆళ్లగడ్డకు బయలుదేరాం. సన్న తుంపర. మామ మొదటి మలుపు తిప్పాడు. చప్పుడు లేదు. రెండోది ఇంకా జోరుగా తిప్పాడు. అప్పుడూ లేదు. మామ ఇన్నేళ్లూ బ్రేకు తొక్కింది మలుపు చూసి కాదు, ఆ 'కర్ర్' విని! ముల్లు చచ్చిన బండికి అదే ముల్లు. దాన్ని పీకేసింది నేను. చెబితే నా పనితనం గాలికి పోతుంది, చెప్పకపోతే ముగ్గురం పోతాం. నోరు తెరిచేలోగా వెనక సీట్లో నా పక్కనున్న అత్త అంది: "ఇన్నాళ్లూ ఉయ్యాల మాదిరి ఊగేది. ఇప్పుడు నట్టింట్లో కూచున్నట్టుంది కదరా!" ఆ మెప్పు ఇంకో మలుపు దాకా విందామనిపించింది. అంతలో మూడో మలుపు వచ్చేసింది.

వెనక చక్రాలు రోడ్డును వదిలేశాయి. కారు తోక ఊపింది. ఎదురుగా వడ్ల లారీ. అత్త నా చేయి ఒడిసిపట్టింది, గాజులు మణికట్టులో దిగాయి. లారీ హారను మమ్మల్ని రాసుకున్నట్టే పోయింది. మేం గిర్రున తిరిగి, చేను గట్టున బురదలో నంద్యాల వైపు మొహం పెట్టి ఆగాం. మామ స్టీరింగు వదలకుండానే అడిగాడు:

"ఏమిరా అల్లుడా, కర్ర్ అనలేదే?"

బురదలో పడుకుని రాడ్డు ఒక కొస విప్పి, తాడుతో పైకి కట్టాను. మళ్లీ బయలుదేరాక మలుపులో బండి ఒరిగి 'కర్ర్' మంది. "ఆఁ, ఇప్పుడు చెప్తాంది" అంటూ మామ బ్రేకు మీద కాలు పెట్టాడు. బండెక్కగానే మళ్లీ పట్టుకున్న నా చేయిని అత్త అప్పుడు వదిలింది.

మామ ఇప్పుడు బండి నడపడు. నా మీసం నిండుగా వచ్చి, నెరిసింది కూడా. ఈ మధ్య ఏళ్లు కూడా ఎక్కడా రాసుకోకుండా, చప్పుడు లేకుండా మలుపులు తిరిగిపోతున్నాయి. ఒక్కసారి కర్ర్ మంటే కాలు బ్రేకు మీద పెడదామని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను.