ఉన్ని మాడే వాసన

మొరాకోలోని ఫెజ్ పాతబస్తీలో ఉన్ని మాడ్చి సిరా చేసేవాళ్ళలో చివరికి హాజీ బూషతా ఒక్కడే మిగిలాడు. పక్క కొట్లో నేను పుస్తకాలకు తోలు అట్టలు కట్టేవాణ్ణి.

గొర్రె పొట్టకింది జిడ్డు ఉన్నిని కడగకుండా మూకుట్లో వేసి సన్నమంట మీద మాడ్చాలి. వెంట్రుక కాలిన కంపు పోయి, ఒక్క క్షణం తియ్యటి వాసన వస్తుంది. అప్పుడే దించి, నీళ్ళతో నూరి సిరా చెయ్యాలి. ఆలస్యమైతే జిగురు చచ్చి, కాగితాన్ని పట్టని బూడిద మిగులుతుంది. సరిగ్గా మాడిందీ బూడిదా, కంటికి రెండూ నలుపే.

ఆ యేడు ముసలి లేఖకుడు అల్లాల్ తన ఊరి మసీదు కోసం హాజీ సిరాతో మూడేళ్ళు రాసిన ఖురాన్ కుట్టడానికి నా దగ్గరికి వచ్చింది. చివరి నూట ఇరవై పుటలు మడతపెడుతుంటే అక్షరాలు పొడిగా రాలి నా వేళ్ళకు అంటుకున్నాయి. అల్లాల్‌ను వెంటబెట్టుకుని హాజీ దగ్గరికి వెళ్ళాను.

"కాగితానికి గంజి చాల్లేదురా. సిరాను అనకు," అన్నాడు హాజీ కుంపటి ముందు కూర్చుని.

"కాగితం అంతా ఒకటే హాజీ. నీ నిరుటి సిరాతో రాసిన అక్షరం రాయిలా నిలిచింది," అన్నాడు అల్లాల్.

"వీడి మాట విని వచ్చావా? తోలు కంపులో ముక్కు పోయినవాడు, సిరా సంగతి వీడికేం తెలుసు!" అన్నాడు హాజీ అల్లాల్‌తో.

ఉన్నిగుడ్డ కాలుతున్న వాసన నాకూ అల్లాల్‌కూ గుప్పుమంది. ఆయన ఇంకా నన్ను తిడుతూనే ఉన్నాడు.

"హాజీ, నీ జుబ్బా అంచు కాలుతోంది," అన్నాను.

ఆయన తలెత్తకుండానే అంచు నలిపి ఆర్పాడు.

"వాసన తెలియక ఎన్నాళ్ళయింది?" అని అడిగాను.

"రంజాన్‌కు ముందు జ్వరం వచ్చింది చూడు, అప్పట్నించి. ఉపవాసం విడిచే సూప్ కూడా వేన్నీళ్ళే నాకు."

"నేను పక్కన నిలబడి వాసన చూస్తా. నువ్వు చెప్పు, ఎలా ఉంటుందో."

"తియ్యగా ఉంటుంది."

"ఏ తీపి? ఖర్జూరమా, తేనా?"

"అది నోటితో చెప్పగలిగితే ముక్కెందుకురా!"

మూడు మూకుళ్ళు మాడ్చాం. ఒకటి తొందరపడి దించాను, రెండు బూడిద చేశాను. నాలుగోసారి ఉన్ని తీయబోతే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

అల్లాల్‌కు డెబ్బై దాటాయి. ఆ పుటలు మళ్ళీ రాసేంత పట్టు చేతిలో లేదు. పవిత్రమైన మాటలు చెత్తలో పడకూడదు గనుక కడిగెయ్యాలి. ఆ పని తానే చేస్తానన్నాడు హాజీ.

కొట్టు వెనక, ఆ నీళ్ళు పారబోసినా మనుషులు తొక్కని చోట తొట్టి పెట్టి, ఒక్కొక్క పుటనూ నీళ్ళలో ముంచాడు. నేను రుద్దడానికి గుడ్డ అందించాను. దాని అవసరం రాలేదు. ముంచగానే అక్షరాలన్నీ లేచిపోయాయి.